గొంతుముడి, దవడ అంచు, చుబుకం: కత్తితో గీసేటప్పుడు రెండో చేయి ఏం చేయాలి

అమలాపురం నుంచి ఒక తమ్ముడు అడిగారు. తాతగారి మడత కత్తికి సాన పట్టించి రెండు నెలలుగా తనే గడ్డం గీసుకుంటున్నారట. బుగ్గలు నున్నగా వస్తున్నాయి. దవడ ఎముక అంచున, గొంతుముడి మీద, చుబుకం దగ్గర, మీసం చుట్టూ మాత్రం తెగడమో మంట పుట్టడమో జరుగుతోంది. పదును చాలడం లేదా, కోణం మార్చాలా, కొత్త కత్తి కొనాలా అన్నది ప్రశ్న.

కొత్త కత్తి వద్దండి. పదును చాలకపోతే బుగ్గ మీద కూడా వెంట్రుకను పట్టి లాగేది. బుగ్గ నున్నగా వస్తోందంటే కత్తి బాగుంది, కోణమూ బాగుంది. మీరు చెప్పిన నాలుగు చోట్లా లోపం కత్తి పట్టిన చేతిది కాదు, ఖాళీగా ఉన్న చేతిది. మా ఇంట్లో తరతరాలుగా ఇదే వృత్తి, నా సెలూన్ పాలకొల్లు దగ్గర. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి ముందు నేర్పేది చర్మం లాగి పట్టడం. కత్తి ఆ తర్వాతే చేతికిస్తాం. ఈసారి అన్నవరమో ద్వారకా తిరుమలో వెళ్లినప్పుడు కల్యాణకట్టలో కాసేపు నిలబడి చూడండి. అందరూ కత్తినే చూస్తారు. మీరు రెండో చేతి బొటనవేలిని చూడండి. కత్తి ఎటు కదిలితే అది దానికి ఎదురుగా చర్మాన్ని బిగించి పట్టుకుని వెంటే నడుస్తూ ఉంటుంది.

ఎందుకు తెగుతోందో ముందు తెలియాలి. కత్తి అంచు తిన్నటి గీత. ముఖంలో దానికి సరిపోయే తిన్నటి చోట్లు రెండే, అవి బుగ్గలు. అక్కడ అంచు సగానికి పైగా చర్మానికి ఆనుతుంది, చేతి బరువు అంత మేరా పరుచుకుంటుంది. చుబుకం, దవడ ఎముక, గొంతుముడి ఉబ్బెత్తు చోట్లు. అక్కడ అంచులో రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఆనదు. చేతి బరువు మారలేదు, కానీ అదంతా ఆ కాస్త చోటే పడుతుంది. అందుకే బుగ్గ మీద ఏమీ చేయని చేయి చుబుకం మీద కోస్తుంది. దవడ కింద, కింది పెదవి కింద ఉండే గుంటల్లో కథ వేరు. అక్కడ అంచు రెండు చివర్లే ఆనుతాయి, మధ్యలో ఖాళీ. చివర గుచ్చుకుంటుంది, మధ్యలో వెంట్రుక మిగిలిపోతుంది. మిగిలిందని మీరు నురుగు లేకుండానే ఇంకో రెండుసార్లు గీస్తారు. మంట అక్కడి నుంచి వస్తోంది.

కాబట్టి కష్టమైన చోట గీయకండి. అక్కడి చర్మాన్ని సులువైన చోటికి లాక్కొచ్చి గీయండి. ముఖం మీద చర్మం ఎముకకు అతుక్కుని ఉండదు, చాలా చోట్ల అటూ ఇటూ బాగా జరుగుతుంది. దవడ అంచున మొలిచిన వెంట్రుకని దవడ అంచునే గీయాలని రూలేం లేదు.

చర్మం పట్టాలంటే వేళ్లు జారకూడదు. మన దగ్గర అసలు ఇబ్బంది ఇదే. గాలిలో ఎప్పుడూ తేమ, ముఖం మీద చెమట, దానికి తోడు సబ్బు. ఓ చిన్న పటిక ముక్క పక్కన పెట్టుకోండి. వేళ్లు తడిపి పటిక మీద రుద్ది, తువ్వాలుతో ఒత్తుకుంటే చర్మం మీద పట్టు దొరుకుతుంది. ఆ వేళ్లను నురుగు ఉన్న చోట పెట్టకండి. నురుగుకి కాస్త అవతల, పొడి చర్మం మీద పెట్టి లాగండి. గీసిన చోట నురుగు తుడిచేసి అక్కడ పట్టుకోవచ్చు కూడా.

కోణం గురించి ఒక్క మాట. కత్తి వెన్ను ఎంత మందం ఉందో, చర్మానికీ వెన్నుకీ మధ్య అంత ఖాళీ లేదా దానికి రెట్టింపు ఉంటే చాలు. ఇంచుమించు ముప్పై డిగ్రీల లోపు. చుబుకం దగ్గర వెంట్రుక మొండిగా ఉందని కత్తిని నిలబెట్టకూడదు. నిలబెడితే అది గీయదు, గోకుతుంది. వంపు తిరిగే చోట మణికట్టు కూడా వంపుతో పాటు తిరగాలి, అప్పుడే చర్మంతో కోణం మారకుండా ఉంటుంది. ఇంకొకటి, కత్తి ఆనించాక అంచు పొడవు దిశలో పక్కకి జరపకూడదు. వంకాయ కోసినట్టు జరిగితే ఎంత లేత చేయి అయినా కోస్తుంది. అద్దంలో కుడి ఎడమలు తారుమారై కనిపించడం వల్ల కొత్తవాళ్లకి ఈ పక్క జారుడు ఎక్కువ.

వెంట్రుకల వాలు చూసుకున్నారా? ఇది చూడకుండా మెడ మీద కత్తి పెట్టకండి. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు పొడి ముఖం మీద వేలి కొస నాలుగు దిక్కులా నడపండి. ఏ దిక్కున నున్నగా జారితే అది వాలు, ఏ దిక్కున గరగరలాడితే అది ఎదురు. బుగ్గల మీద దాదాపు అందరికీ కిందికే వాలు ఉంటుంది. మెడ మీద మాత్రం మనిషికో తీరు. కొందరికి కింద నుంచి పైకి, కొందరికి చెవి వైపు పక్కకి, కొందరికి గొంతు పక్కన సుడి. చాలామంది మెడ మీద కూడా పై నుంచి కిందికే గీస్తారు, అదే వాలు అనుకుని. వాళ్లలో చాలామంది నిజానికి మొదటి గీతే ఎదురు గీస్తున్నారు. అయ్యప్ప దీక్ష చేసినవాళ్లైతే నలభై ఒక్క రోజుల గడ్డంలో వాలు చూడొద్దు. పొడవు వెంట్రుక దాని బరువుకే ఎటో పడి ఉంటుంది. మాల తీశాక కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో బాగా పొట్టి చేసి, అప్పుడు చూసుకోండి. పొడవు గడ్డం మీద నేరుగా కత్తి పెడితే వెంట్రుకలు అంచుకి చుట్టుకుని లాగుతాయి.

ఇక ఒక్కో చోటు.

దవడ అంచు. తల అవతలి భుజం వైపు వంచండి. దవడకి పైన, బుగ్గ మధ్యలో మూడు వేళ్లు ఆనించి చర్మాన్ని కణత వైపు పైకి లాగండి. దవడ కింద ఉన్న వెంట్రుకల వరస ఇప్పుడు ఎముక దాటి బుగ్గ మీదికి వచ్చేస్తుంది. అక్కడ గీయండి, తిన్నటి చోటు కనక బుగ్గ మీద గీసినంత సులువు. దీనికి ఉల్టా కూడా చేయొచ్చు: మెడ కింద కాలరు ఎముక దగ్గర చర్మం పట్టి కిందికి లాగితే దవడ అంచు మీది వెంట్రుకలు మెడ మీదికి దిగుతాయి. ఏది మీకు వాటంగా ఉంటే అది. నేను సెలూన్‌లో పైకి లాగడమే చేస్తాను, కానీ తనకు తాను గీసుకునేవాళ్లకి రెండోది బాగుంటుంది. చేయి ముఖానికి అడ్డం రాదు, అద్దం కనిపిస్తుంది. చెవి కింద దవడ మూల తిరిగే చోట కత్తి మొత్తం వాడకండి, కొస వైపు మూడో వంతు చాలు. గీత పొడవు సెంటీమీటరు దాటనివ్వకండి.

గొంతుముడి. మీరు దాని మీద నుంచే నిలువుగా కిందికి గీస్తున్నారని అనుకుంటున్నాను. అలా చేస్తే ఎవరికైనా తెగుతుంది. తల కొంచెం ఎత్తండి, పూర్తిగా వెనక్కి వాల్చకండి. పూర్తిగా వాలిస్తే ముడి ఇంకా ముందుకు పొడుచుకొస్తుంది. ఎడమ చేతి రెండు వేళ్లతో ముడి పక్కన చర్మం పట్టి ఎడమ వైపుకి జరపండి. ముడి మీద ఉన్న చర్మం ఇప్పుడు ముడి పక్కన మెత్తటి చోటికి వస్తుంది. అక్కడ గీసి, తర్వాత కుడి వైపుకి జరిపి మిగతా సగం గీయండి. ముడి కొన మీద కత్తి అసలు నడవదు. కొందరు గుటక మింగి బిగపట్టి గీస్తారు. మింగినప్పుడు ముడి పైకి వెళ్తుంది, కింద చర్మం సమం అవుతుంది. అది నిజమే, కానీ గుటక ఎక్కువసేపు నిలవదు, ముడి కిందికి దిగేటప్పుడు కత్తి ఆని ఉంటే అప్పుడే తెగుతుంది. పక్కకి జరపడమే నయం. గొంతు మీద ఉన్నప్పుడు ఫోన్ మోగినా, ఇంట్లోవాళ్లు కాఫీ చల్లారుతోందని కేకేసినా జవాబు చెప్పొద్దు. ముందు కత్తి ఎత్తండి, తర్వాత నోరు విప్పండి.

మెడ మీద కింద నుంచి పైకి వాలు ఉన్నవాళ్లకి మొదటి గీత కూడా కింద నుంచి పైకే ఉండాలి. మెడ చర్మం కిందికి లాగి పట్టి, కత్తిని తలకిందులుగా తిప్పి, పిడి కింది వైపుకి ఉండేలా పట్టుకుని పైకి గీయాలి. మొదట చేయి వణుకుతుంది. పదును లేని పాత కత్తితోనో దువ్వెన వెన్నుతోనో ఈ పట్టు కొన్నాళ్లు అలవాటు చేసుకోండి.

చుబుకం. మొత్తం గడ్డంలో వెంట్రుక ఇక్కడే మందం, ఇక్కడే ఒత్తు. అందుకే దీన్ని చివర్లో గీయాలి, నురుగులో ఎక్కువసేపు నాననివ్వాలి. మా సెలూన్‌లో చుబుకానికీ మీసానికీ నురుగు ముందు పెట్టి, గీయడం మాత్రం వాటితోనే ముగిస్తాం. కింది పెదవిని పళ్ల మీదికి ముడిచి లోపలికి లాక్కోండి. చుబుకం మీద చర్మం పైకి వెళ్లి బిగుస్తుంది. ముందు పక్కల నుంచి మొదలుపెట్టండి. దవడ దగ్గర చేసినట్టే చుబుకం చర్మాన్ని ఎడమకి లాగితే ఎడమ సగం దవడ వైపు తిన్నగా వస్తుంది, కుడికి లాగితే కుడి సగం. మధ్యలో మిగిలే రూపాయి బిళ్లంత చోటే నిజంగా చుబుకం మీద గీయాల్సింది. అక్కడ చిన్న చిన్న గీతలు, ఒక్కో గీతకీ మణికట్టు కాస్త తిరుగుతూ. చుబుకంలో సొట్ట ఉంటే రెండు వేళ్లతో అడ్డంగా సాగదీయండి, సొట్ట తేలిపోతుంది. చుబుకం కింది భాగానికి తల ఎత్తి, గొంతు దగ్గర చర్మాన్ని కిందికి లాగాలి.

కింది పెదవి కింద గుంటలో నాలుకతో లోపలి నుంచి నెట్టండి. గుంట ఉబ్బెత్తు అవుతుంది, కత్తి కొస చాలు. నోటి మూలల్లోనూ నాలుకే. లేదా ఆ మూలని వేలితో చెవి వైపు లాగండి. పళ్లు ఊడి బుగ్గలు లోపలికి పోయిన పెద్దవాళ్లకి గీసేటప్పుడు గాలి పూరించమంటాం, అదీ ఇదే సూత్రం.

పై పెదవి, మీసం. మన వైపు మీసం పూర్తిగా తీసేవాళ్లు తక్కువే కాబట్టి మీ ఇబ్బంది మీసం గీత దగ్గరే అయి ఉంటుంది. మీసం గీత తీర్చడానికి మడత కత్తిని మించింది లేదు, రేజర్‌తో ఇంత సన్నగా రాదు. గీత దగ్గర నురుగు వేలితో తుడిచేయండి, ఎక్కడ ఆగాలో కనిపించాలి. పై పెదవిని పళ్ల మీదికి కిందికి లాక్కుంటే పెదవి అంచు బిగుస్తుంది. మీసం కింద పెదవి పైన గీసేటప్పుడు కత్తి కొసని ఆనించి మధ్య నుంచి మూలకి కాకుండా పై నుంచి కిందికి, చాలా చిన్న గీతలు. మీసం పూర్తిగా తీసేవాళ్లు ముక్కు కొన పట్టి పైకి, తర్వాత చెరో పక్కకి తిప్పితే ముక్కు కింద చోటు దొరుకుతుంది. అక్కడ ఎదురు గీత వద్దు. పై పెదవి మీద ఎదురు గీయడం నాకు ఎప్పుడూ నచ్చదు. నున్నదనం కాస్త పెరుగుతుందేమో, ముక్కు రంధ్రాల కింద తెగితే రోజంతా చికాకు.

మీ కత్తి కొస గుండ్రంగా ఉందా, కోసుగా మూల తేలి ఉందా చూసుకోండి. జర్మనీలోని సోలింగెన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊళ్ల ముద్రలున్న పాత కత్తుల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. కోసు మూల మీసం గీతకి గొప్పది, చెవి దగ్గరా ముక్కు దగ్గరా ప్రమాదం. సాన పట్టేవాళ్లతో ఆ మూలని ఆవగింజంత మొండి చేయించుకుంటే సగం గాట్లు తగ్గుతాయి.

చెవి దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. చెవిని వెనక్కి మడవండి, కణత చర్మం పైకి లాగండి, అంతే.

కుడిచేతివాటం వాళ్లకి ఎడమ పక్క గీసేటప్పుడు చేయి ముఖానికి అడ్డం వచ్చి అద్దం కనపడదు. రెండు దారులున్నాయి. ఒకటి, ఎడమ పక్క ఎడమ చేత్తో గీయడం నేర్చుకోవడం. విసుగ్గా ఉంటుంది, కానీ వస్తుంది. రెండోది, కుడి చేత్తోనే గీస్తూ ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి కణత దగ్గర చర్మం పైకి లాగడం. గొంతు దాకా వచ్చాక ఎలాగూ చేతులు మార్చాల్సి వస్తుంది కాబట్టి మొదటిదే నేర్చుకోమంటాను.

సెలూన్లలో ఇప్పుడు మేం వాడేది బ్లేడు కత్తి. సగం విరిచిన బ్లేడు పెట్టి, మనిషి మారగానే బ్లేడు మారుస్తాం. రోగాల భయానికి అదే సరైన పద్ధతి. వీడియోల్లో ఎక్కువగా చూసేదీ అదే. దాని పదును ఎక్కువ, అంచు పొట్టి, మూలలు కరుకు. దాన్ని చూసి నేర్చుకున్న ఒత్తిడి మీ తాతగారి కత్తికి సరిపోదు, మీ కత్తికి అలవాటైన చేత్తో బ్లేడు కత్తి పట్టినా కష్టమే. ఏదో ఒకటి పట్టుకుని చేయి కుదిరేదాకా అదే వాడండి.

నీళ్ల సంగతి మీరు అడగలేదు కానీ కోనసీమలో అది అడగాల్సిందే. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. అలాంటి నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిలా తేలిపోతాయి. నురుగు పైకి పొంగినట్టే ఉంటుంది, అర నిమిషంలో ఆరిపోతుంది. బుగ్గలు మొదట గీస్తారు కాబట్టి అప్పటికి నురుగు తడిగా ఉంటుంది. చుబుకం, మెడ దగ్గరికి వచ్చేసరికి ఎండిన నురుగు మీద గీస్తున్నారు. వేసవిలో కాలువలు కట్టేశాక ఇంట్లో బోరు నీళ్లే దిక్కైనవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. ముఖం కడుక్కోవడానికి ఏ నీళ్లైనా ఫరవాలేదు. నురుగుకి మాత్రం ఫిల్టర్ నీళ్ల టిన్నులోంచి ఓ చిన్న గ్లాసు తీసుకోండి, వానాకాలమైతే పట్టిన వాన నీళ్లు. గోరువెచ్చగా చేసుకుని బ్రష్‌తో నురుగు తీసి, ఒక్కో చోటు గీసే ముందు ప్రతిసారీ కొత్తగా రాయండి. నురుగు పెరుగులా మెరుస్తూ ఉండాలి, బుడగలు కనపడకూడదు.

ఎన్నిసార్లు గీయాలి? బుగ్గల మీద వాలులో ఒకసారి, అడ్డంగా ఒకసారి. మీరు ఇబ్బంది పడుతున్న నాలుగు చోట్లా ఇంకో నెల పాటు వాలులో ఒక్కసారే గీసి వదిలేయండి. కాస్త గరుగ్గా మిగిలితే మిగలనీయండి. గొంతు మీద ఎర్ర పొక్కులు లేచి లోపల వెంట్రుక చుట్టుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఉంగరాల వెంట్రుక ఉన్నవాళ్లు, మెడ మీద ఎదురు గీత జోలికే పోకూడదు. ఎదురు గీసినప్పుడు వెంట్రుక చర్మం మట్టానికి కిందికి తెగి, పెరిగేటప్పుడు పక్కకి తిరిగి లోపలే గుచ్చుకుంటుంది. చీము పట్టి తగ్గకపోతే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి, సెలూన్ సలహాలతో పోయేది కాదు అది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా మడత కత్తి మొదలుపెట్టొద్దు.

తెగితే చల్లటి నీళ్లతో కడిగి తడి పటిక ఆనించండి, రుద్దకండి. ముఖమంతా పటిక రాసుకోవడం ఒకందుకు మంచిది: ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ ఒత్తారని అర్థం. రేపు ఆ చోట రెండో చేయి సరిచూసుకోవాలి. నిమిషం తర్వాత కడిగేసుకోండి. పటిక మీ సొంతం ఒకటి ఉంచుకోండి, అన్నదమ్ములైనా పంచుకోవద్దు.

కత్తి మన గాలిలో తొందరగా తుప్పు పడుతుంది. పాత కత్తులు చాలావరకు కార్బన్ ఉక్కు. గీసుకోవడం అవగానే మంచినీళ్లతో కడిగి, వెన్ను నుంచి అంచు వైపుకి తుడిచి, విప్పి కాసేపు ఆరనిచ్చి, ఆ తర్వాతే మడవండి. తడి మీద మడిస్తే పిడి లోపల తుప్పు మొదలవుతుంది, కనపడదు. రోజూ వాడేదానికి కొబ్బరి నూనె చుక్క చాలు. వారాల తరబడి పక్కన పెట్టేదైతే కుట్టుమిషన్ నూనె మేలు. గీసే ముందు తోలు పట్టీ మీద వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా ముప్పై నలభైసార్లు లాగండి, తిప్పేటప్పుడు వెన్ను మీద తిప్పండి. అంచు మీద తిప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. పట్టీని స్నానాలగదిలో వేలాడదీయకండి. వర్షాకాలంలో వారం తిరక్కుండా బూజు పడుతుంది, ఆ బూజు తోలు మీద ఎంత లాగినా చుబుకం దగ్గర మళ్లీ పాత కథే. గాలి ఆడే గదిలో, ఎండ తగలని గోడకి తగిలించండి.